రిడక్స్ పెట్టే ముందు: స్క్రీన్ మీద ఉన్నది ఏ క్షణం నాటి డేటా?

తమ్ముడూ, నువ్వు రాసిందంతా చదివాను. నాకు అర్థమైంది ముందు చెప్తాను, తేడా ఉంటే సరిచెయ్యి. చిత్తూరు దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీకి గేటు స్క్రీన్ చేస్తున్నావు. తోతాపురి సీజన్‌లో ట్రాక్టర్లు, లారీలు రోడ్డు పొడుగునా నిలబడిపోతాయి కాబట్టి, గేటు దగ్గర కూర్చున్న ఆపరేటర్ రైతు పేరు కొట్టగానే ఆ బండి టోకెన్ నంబరు, వరుసలో ఎక్కడుంది, కాటా అయిందా లేదా అన్నది కనిపించాలి. స్క్రీన్లు కట్టే జావాస్క్రిప్ట్ లైబ్రరీ రియాక్ట్, దాని 17వ వెర్షన్‌లో రాశావు. ఇప్పుడు పేరు కొడుతుంటే అక్షరాలు ఆగి ఆగి పడుతున్నాయి, ఒక్కోసారి ఇంకెవరి పేరుకో సంబంధించిన జాబితా వచ్చి కూర్చుంటోంది, పైన ‘వెయిటింగ్’ అని చూపించే సంఖ్యకూ కింద జాబితాలో ఉన్న బండ్లకూ పొంతన లేదు. మీ టీమ్‌లో ఒకరు అన్నీ తీసుకెళ్లి రిడక్స్‌లో (యాప్ డేటా అంతా ‘స్టోర్’ అనే ఒకేచోట ఉంచే లైబ్రరీ) పెట్టమన్నారు, ఇంకొకరు రియాక్ట్ 19కి మారితే రెండరింగ్ (స్క్రీన్‌ని తయారుచేసి గీసే పని) మొత్తం అసింక్రనస్ (మధ్యలో ఆగి మళ్లీ సాగేలా) అయిపోతుంది, ఇవన్నీ వాటంతటవే పోతాయి అన్నారు.

ఈ రెండు పనులూ ఇప్పుడే మొదలుపెట్టొద్దు. నీకున్న మూడు ఇబ్బందులూ ఒకేలా కనిపిస్తున్నా వాటి కారణాలు పూర్తిగా వేరు, అందులో రెండింటికి లైబ్రరీతోగానీ వెర్షన్‌తోగానీ సంబంధమే లేదు. ఏ స్టేట్‌ని (స్క్రీన్ గుర్తుపెట్టుకునే డేటాని) ముట్టుకునే ముందైనా రెండు ప్రశ్నలు అడగాలి: ఈ డేటా అసలు ఎవరి దగ్గరిది? స్క్రీన్ మీద ఇప్పుడు కనిపిస్తున్నది ఏ క్షణం నాటిది? ఈ రెండింటికీ జవాబు తెలియకుండా స్టోర్ పెడితే గందరగోళం ఒక ఫైల్లోంచి ఇంకో ఫైల్లోకి మారుతుంది, అంతే.

తప్పుడు జాబితాతో మొదలుపెడతాను, ఎందుకంటే మూడింటిలోనూ ప్రమాదమైనది అదే. మన వైపు ముని అని మొదలయ్యే పేర్లు ఎన్ని ఉంటాయో నీకు తెలుసు. మునిరత్నం, మునిస్వామి, మునియమ్మ, మునికృష్ణ. ఆపరేటర్ మునిరత్నం అని కొడుతున్నాడు. ‘ముని’ దగ్గర ఒక రిక్వెస్ట్ వెళ్లింది, ‘మునిరత్నం’ పూర్తయ్యాక ఇంకోటి వెళ్లింది. మొదటిదానికి వందల వరుసలు వెతికి పంపాలి కాబట్టి సర్వర్‌కి ఎక్కువసేపు పడుతుంది, రెండోదానికి నలుగురే ఉన్నారు, చటుక్కున వచ్చేస్తుంది. అలిపిరి మెట్లదారిలో పొద్దున్నే నడక మొదలుపెట్టినవాళ్ల కంటే తర్వాత బస్సెక్కినవాళ్లు ముందు కొండపైకి చేరినట్టే, బయలుదేరిన వరుసలోనే జవాబులు రావాలని ఏ నియమమూ లేదు. కాబట్టి ముందు సరైన నలుగురూ కనిపిస్తారు, అర సెకను తర్వాత ‘ముని’ జవాబు వచ్చి వాళ్ల మీద పడుతుంది. సెర్చ్ పెట్టెలో మునిరత్నం అనే ఉంటుంది, కింద మునిస్వామి బండి మొదటి వరుసలో ఉంటుంది. ఆపరేటర్ తల ఎత్తకుండా మొదటి వరుస మీద నొక్కితే ఒకరి టోకెన్ మీద ఇంకొకరి బండి లోపలికి వెళ్తుంది. ఎండలో గంటల తరబడి నిలబడిన రైతుకి అది చిన్న విషయం కాదు.

దీనికి మందు చాలా చిన్నది. సర్వర్ నుంచి డేటా తెచ్చే యూజ్‌ఎఫెక్ట్ (స్క్రీన్ మార్చాక రియాక్ట్ నడిపే కోడ్) లోపల ‘పాతబడింది’ అని ఒక మామూలు వేరియబుల్ పెట్టు, మొదట్లో ఫాల్స్. ఎఫెక్ట్ తిరిగిచ్చే క్లీనప్ ఫంక్షన్‌లో దాన్ని ట్రూ చెయ్యి. జవాబు వచ్చాక అది ఇంకా ఫాల్స్‌గా ఉంటేనే స్టేట్ సెట్ చెయ్యి. సెర్చ్ మాట మారగానే రియాక్ట్ పాత ఎఫెక్ట్‌కి క్లీనప్ నడుపుతుంది కాబట్టి ‘ముని’ జవాబు ఎప్పుడొచ్చినా దాన్ని ఎవరూ పట్టించుకోరు. దాంతోపాటు అబార్ట్‌కంట్రోలర్ కూడా పెట్టి క్లీనప్‌లో అబార్ట్ పిలిస్తే బ్రౌజర్ ఆ రిక్వెస్ట్‌ని వదిలేస్తుంది, గేటు దగ్గర మొబైల్ డేటా మీద నడిచే సిస్టమ్‌కి అది మేలు. అబార్ట్ అయినప్పుడు వచ్చే ఎర్రర్‌ని ‘నెట్‌వర్క్ పోయింది’ అని ఎర్రటి పట్టీలో చూపించకుండా జాగ్రత్తపడు. సర్వర్ మాత్రం అప్పటికే మొదలుపెట్టిన క్వెరీని చాలాసార్లు పూర్తి చేసే తీరుతుంది, అటువైపు భారం తగ్గిందనుకోవద్దు.

డిబౌన్స్ (కొట్టడం ఆగాక కాసేపు చూసి రిక్వెస్ట్ పంపడం) పెడితే ఇది పోతుంది అని చాలామంది అనుకుంటారు. పోదు, అరుదవుతుంది. 300 మిల్లీసెకన్లు ఆగి ఒక రిక్వెస్ట్ పంపావు, ఆపరేటర్ ఆలోచించి ఇంకో రెండక్షరాలు కొట్టాడు, మళ్లీ 300 ఆగి ఇంకోటి వెళ్లింది, ఇప్పుడూ రెండు దారిలో ఉన్నాయి. అరుదుగా వచ్చే తప్పు రోజూ వచ్చేదానికంటే చెడ్డది, టెస్టింగ్‌లో దొరకదు. రిడక్స్‌లో పెట్టినా అంతే: పాత జవాబు ఆలస్యంగా వచ్చి డిస్పాచ్ అయితే (స్టోర్‌కి పంపితే) రిడ్యూసర్, అంటే స్టోర్‌ని మార్చే ఫంక్షన్, దాన్ని నమ్మకంగా స్టోర్‌లో రాసేస్తుంది, అది పాతదని దానికెవరు చెప్పారు?

ఈ తప్పు నిజంగా పోయిందో లేదో చూడాలంటే అదృష్టం మీద ఆధారపడొద్దు. నీ లోకల్ సర్వర్‌లో సెర్చ్ మాట పొడవు 5 కంటే తక్కువైతే 2 సెకన్లు ఆగి జవాబివ్వమని ఒక లైన్ రాయి. ఇప్పుడు పేరు గబగబా కొట్టు. సరిచెయ్యని కోడ్‌లో ప్రతిసారీ తప్పుడు జాబితా వస్తుంది. సరిచేశాక ఎన్నిసార్లు కొట్టినా రాకూడదు. మా టీమ్‌లో కొత్తగా చేరినవాళ్లతో ముందు ఇదే చేయిస్తాను, కళ్లతో చూస్తేగానీ ఇది మనసుకెక్కదు.

ఇక్కడే తెలుగు టైపింగ్ గురించి ఒక మాట, దీని గురించి ఎక్కడా సరిగ్గా రాయరు. మీ ఆపరేటర్ ఇంగ్లిష్ అక్షరాలతో తెలుగు కొట్టే కీబోర్డ్ వాడుతుంటే ‘ముని’ అనే మాట ఒక్కసారిగా రాదు, మ్, ము, మున్, ముని అని మారుతూ వస్తుంది. ప్రతి మార్పుకీ ఆన్‌చేంజ్ నడుస్తుంది. ఆ మధ్యలో నువ్వు విలువని ట్రిమ్ చేసో (అటూ ఇటూ ఖాళీలు తీసేసో), ఇంకేదో మార్చి తిరిగి ఇన్‌పుట్‌లో పెడితే అక్షరాల కూర్పు (కాంపొజిషన్) మధ్యలో తెగిపోతుంది, కర్సర్ చివరికి ఎగురుతుంది, అక్షరం రెండుసార్లు పడుతుంది. కొట్టింది కొట్టినట్టే స్టేట్‌లో పెట్టు, శుభ్రం చేసేది ఏదైనా ఉంటే సర్వర్‌కి పంపే కాపీ మీద చెయ్యి. కాంపొజిషన్ ముగిశాకే సెర్చ్ చేద్దాం అనే ఆలోచన కంప్యూటర్ మీద బాగానే ఉంటుంది కానీ, ఆండ్రాయిడ్ కీబోర్డులు కొన్ని స్పేస్ కొట్టేదాకా కాంపొజిషన్ మూయవు, సెర్చ్ అసలు కదలదు. అందుకే నెట్‌వర్క్‌కి వెళ్లే సెర్చ్‌కి డిబౌన్సే మేలు. ఎంటర్ నొక్కితే ఫారమ్ సర్వర్‌కి వెళ్లే చోట మాత్రం ఈజ్‌కంపోజింగ్ (కూర్పు ఇంకా నడుస్తోందని చెప్పే గుర్తు) ట్రూగా ఉందేమో చూసి ఆపు.

సరే, అక్షరాలు ఆగి ఆగి పడటం. ఇది నిజంగా రెండరింగ్ సమస్య. బ్రౌజర్‌లో నీ జావాస్క్రిప్ట్, పేజీ లేఅవుట్, కీబోర్డ్ ఈవెంట్ల సంగతి చూసే పని అన్నీ ఒకే మెయిన్ థ్రెడ్ మీద నడుస్తాయి. స్క్రీన్ సెకనుకి 60 సార్లు మారాలంటే ఒక ఫ్రేమ్‌కి దాదాపు 16.7 మిల్లీసెకన్లే దొరుకుతాయి. నువ్వు 4000 వరుసలు ఒకేసారి గీయిస్తున్నావు, ప్రతి వరుసలో టోకెన్, బండి నంబరు, ఊరు, రకం, కాటా స్థితి, మూడు బటన్లు. గేటు దగ్గర ఉండే పాత కంప్యూటర్‌లో ఆ ఒక్క రెండర్‌కే వందల మిల్లీసెకన్లు పోతాయి, అంతసేపూ కొట్టిన అక్షరం తన వంతు కోసం బయట నిలబడి ఉంటుంది. గూగుల్ 2024 మార్చిలో ఐఎన్‌పీ అనే కొలతని కోర్ వెబ్ వైటల్స్‌లో (వెబ్ పేజీ ఎంత బాగా నడుస్తోందో చెప్పే కొలతల్లో) చేర్చింది, నొక్కిన దగ్గర్నుంచి స్క్రీన్ మారేదాకా 200 మిల్లీసెకన్ల లోపు ఉంటేనే బాగున్నట్టు. నీది దాన్ని ఎప్పుడో దాటేసి ఉంటుంది.

రియాక్ట్‌లో స్క్రీన్ అంటే కాంపొనెంట్ల (ఒక్కో ముక్కని గీసే ఫంక్షన్ల) చెట్టు. పాత పద్ధతిలో ఒకసారి ఆ చెట్టు పైనుంచి రెండర్ మొదలుపెడితే చివరి ఆకు దాకా ఆగదు. దీన్ని మార్చడానికే 2017లో వచ్చిన రియాక్ట్ 16లో లోపలి ఇంజిన్‌ని ఫైబర్ అనే పేరుతో కొత్తగా రాశారు. 2018లో ఐస్‌లాండ్‌లో జెఎస్‌కాన్ఫ్ అనే జావాస్క్రిప్ట్ సదస్సులో రియాక్ట్ టీమ్‌లోని డాన్ అబ్రమోవ్ అసింక్ రెండరింగ్ అని చూపించింది దీని మీదే. జనం చేతికి స్థిరంగా వచ్చింది మాత్రం 2022 మార్చి 29న, రియాక్ట్ 18తో. ఈ ఇంజిన్ పనిని చిన్న ముక్కలుగా చేస్తూ, దాదాపు 5 మిల్లీసెకన్లకోసారి థ్రెడ్‌ని బ్రౌజర్‌కి వదిలిపెట్టి, మధ్యలో అర్జెంటుగా ఏదైనా వస్తే చేస్తున్న రెండర్‌ని పక్కన పెట్టి దాన్ని చూస్తుంది.

రియాక్ట్ 19కి మారమన్న మీవాడు చెప్పిన దాంట్లో తప్పు ఇక్కడుంది. వెర్షన్ మారిస్తే రెండరింగ్ అంతా ఇలా అయిపోదు. క్రియేట్‌రూట్‌కి (యాప్‌ని మొదలుపెట్టే కొత్త పద్ధతికి) మారాలి, అది కాక ఏ అప్‌డేట్ ఆగినా ఫర్వాలేదో నువ్వే చెప్పాలి, స్టార్ట్‌ట్రాన్సిషన్‌తోనో యూజ్‌డిఫర్డ్‌వాల్యూతోనో. చెప్పని అప్‌డేట్ ఏదైనా పాతకాలంలాగే మధ్యలో ఆగకుండా జరుగుతుంది. 18కి మారినందుకు ఊరికే వచ్చే లాభం ఒకటుంది: టైమర్లలో, ప్రామిస్‌ల తర్వాత చేసే నాలుగు సెట్‌స్టేట్‌లు ఇప్పుడు ఒకే రెండర్‌గా కలుస్తాయి, 17లో విడివిడిగా నాలుగు రెండర్లు అయ్యేవి.

ఎప్పుడైనా 18కి మారితే నీ స్క్రీన్‌కి యూజ్‌డిఫర్డ్‌వాల్యూ సరిపోతుంది, 17లో అది లేదు. ఇన్‌పుట్‌కి అసలు మాట ఇవ్వు, జాబితాకి డిఫర్డ్ మాట ఇవ్వు. అక్షరం కొట్టగానే రియాక్ట్ ముందు పాత డిఫర్డ్ మాటతోనే ఒక రెండర్ చేస్తుంది, పెట్టెలో అక్షరం పడుతుంది. ఆ తర్వాత వెనకాల కొత్త మాటతో జాబితా తయారుచేయడం మొదలుపెడుతుంది, ఈలోపు ఇంకో అక్షరం వస్తే సగంలో ఉన్నది పారేసి మళ్లీ మొదలుపెడుతుంది. ఇక్కడ అందరూ మర్చిపోయేది: జాబితా కాంపొనెంట్ మెమోలో ఉండాలి, దానికిచ్చే విలువలు (ప్రాప్స్) మారకపోతే మళ్లీ నడవకుండా ఆపేది అదే. లేకపోతే ఆ మొదటి అర్జెంటు రెండర్‌లోనే ప్రాప్స్ మారకపోయినా 4000 వరుసలూ మళ్లీ నడుస్తాయి, నువ్వు చేసిందంతా వృథా. రియాక్ట్ కంపైలర్ వాడుతుంటే ఈ పని అదే చూసుకుంటుంది, వాడకపోతే నువ్వే రాయాలి. ఇంకో పరిమితి కూడా ఉంది. రియాక్ట్ ఆగగలిగేది ఒక కాంపొనెంట్ అయ్యాక, తర్వాతిది మొదలుపెట్టే ముందు. ఒకే కాంపొనెంట్ లోపల 300 మిల్లీసెకన్ల ఫర్ లూప్ ఉంటే దాన్ని మధ్యలో ఆపే శక్తి దానికి లేదు. వరుసని వేరే కాంపొనెంట్‌గా విడగొట్టు.

ఇన్‌పుట్ విలువని మాత్రం ఎప్పుడూ ట్రాన్సిషన్‌లో సెట్ చెయ్యొద్దు, అది అప్పటికప్పుడే మారాలి. స్టార్ట్‌ట్రాన్సిషన్ లోపల అవెయిట్ (జవాబు కోసం ఆగడం) పెడితే, దాని తర్వాత చేసే సెట్‌స్టేట్‌ని మళ్లీ ఇంకో స్టార్ట్‌ట్రాన్సిషన్‌లో చుట్టాలి, రియాక్ట్ 19లో కూడా అంతే, లేకపోతే అది మామూలు అప్‌డేట్‌గా పోతుంది.

ఇన్ని చెప్పాక నా అసలు అభిప్రాయం: ఆపరేటర్‌కి 4000 వరుసలు ఎందుకు చూపిస్తున్నావు? డిఫర్ చేయడం వల్ల పని తగ్గదు, పారేసినవి కలుపుకుంటే ఇంకా పెరుగుతుంది, అక్షరాన్ని అడ్డుకోకుండా పక్కకి జరుగుతుంది అంతే. గేటు దగ్గర మనిషికి కావాల్సింది వెతికిన పేరుకు దగ్గరైన 50 బండ్లు. మొదటి 50 చూపించి కింద ‘ఇంకా ఉన్నాయి’ అని పెట్టు, నీ టైపింగ్ సమస్య చాలావరకు అక్కడే తీరిపోవచ్చు, అప్పుడు యూజ్‌డిఫర్డ్‌వాల్యూ లాంటి ఏ హుక్కూ అక్కర్లేదు. మొత్తం స్క్రోల్ చేయాల్సిందే అని ఫ్యాక్టరీవాళ్లు పట్టుబడితే వర్చువలైజేషన్ చెయ్యి, కనిపించే 30, 40 వరుసలే డామ్‌లో (బ్రౌజర్ పట్టుకుని ఉండే పేజీలో) ఉంటాయి. అయితే ఆపరేటర్లు కంట్రోల్ ఎఫ్‌తో వెతికే అలవాటున్నవాళ్లైతే వర్చువల్ జాబితాలో అది పనిచేయదు, ముందే చెప్పి పెట్టు. ఏది చేసినా క్రోమ్ పర్ఫార్మెన్స్ ప్యానెల్‌లో సీపీయూని 6 రెట్లు నెమ్మది చేసి చూడు. నీ ల్యాప్‌టాప్ మీద బాగుంది అన్న మాటకి ఆ గేటు దగ్గర విలువ లేదు.

రెండర్ ఆగి మళ్లీ మొదలవుతుంది అన్నాను కదా, దాని పర్యవసానం గట్టిగా గుర్తుపెట్టుకో. నీ కాంపొనెంట్ ఫంక్షన్ నడిచింది అంటే స్క్రీన్ మారింది అని కాదు. రియాక్ట్ దాన్ని పిలిచి, ఫలితాన్ని చెత్తలో వేసి, మళ్లీ పిలవొచ్చు. స్క్రీన్‌ని నిజంగా మార్చే కమిట్ దశ మాత్రం ఒక్క ఊపులో జరుగుతుంది. కాబట్టి రెండర్ మధ్యలో లాగ్ పంపడం, ఫైలు పైన ఉన్న వేరియబుల్‌ని పెంచడం, రెఫ్‌లో (రియాక్ట్ విలువ దాచిపెట్టే పెట్టెలో) రాయడం చేస్తే లెక్కలు తప్పుతాయి. డెవలప్‌మెంట్‌లో స్ట్రిక్ట్‌మోడ్ అనే తనిఖీ ప్రతిదాన్నీ రెండుసార్లు పిలిచేది ఈ తప్పులు బయటపెట్టడానికే. ‘రిక్వెస్ట్ రెండుసార్లు వెళ్తోంది’ అని దాన్ని తీసేసేవాళ్లని చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది, క్లీనప్ సరిగ్గా ఉంటే ఆ రెండోసారి వల్ల ఏ నష్టమూ లేదు.

రియాక్ట్ బయట ఉండే స్టోర్లకి ఇదే కారణంగా టేరింగ్ అనే ఇబ్బంది వస్తుంది. సగం జాబితా గీసి రియాక్ట్ ఆగింది, ఆ సందులో స్టోర్ మారింది, మిగతా సగం కొత్త విలువతో గీసింది, ఒకే స్క్రీన్ మీద రెండు కాలాలు. దీన్ని ఆపడానికే 18లో యూజ్‌సింక్‌ఎక్స్‌టర్నల్‌స్టోర్ పెట్టారు. రియాక్ట్ రిడక్స్ 8 నుంచి, జుస్టాండ్ అనే ఇంకో స్టోర్ లైబ్రరీ కూడా, లోపల దీన్నే వాడతాయి. కానీ దానికో ధర ఉంది: అలాంటి స్టోర్‌లో మార్పు ఎప్పుడూ ఆగకుండా, సింక్రనస్‌గానే రెండర్ అవుతుంది, నువ్వు స్టార్ట్‌ట్రాన్సిషన్‌లో చుట్టినా సరే. అంటే సెర్చ్ మాటని రిడక్స్‌లోకి మారిస్తే నీ టైపింగ్ బాగుపడే ఒక దారిని నువ్వే మూసుకున్నట్టు. స్టోర్‌లోంచి చదివిన విలువ మీద యూజ్‌డిఫర్డ్‌వాల్యూ మాత్రం పనిచేస్తుంది. రిడక్స్ చెడ్డదని నేననను. ఒకే స్క్రీన్‌లో, ఒకే పెట్టెలో కొట్టే మాటకి అది అనవసరం.

వ్యూ, సాలిడ్, స్వెల్ట్ లాంటి వేరే లైబ్రరీలు వాడేవాళ్లకి రెండరింగ్ కథ వేరు, మార్పుతో సంబంధమున్న చోట్లే కదులుతాయి కాబట్టి టైపింగ్ బాధ తక్కువ ఉండొచ్చు. ఆలస్యంగా వచ్చే పాత జవాబు బాధ మాత్రం అక్కడా ఇలాగే ఉంటుంది.

ఇక ‘వెయిటింగ్’ సంఖ్య. నువ్వు పెట్టిన కోడ్‌లో బండ్ల జాబితాకి ఒక యూజ్‌స్టేట్, వడపోసిన జాబితాకి ఇంకోటి, సంఖ్యకి మూడోది, వీటిని కలపడానికి రెండు యూజ్‌ఎఫెక్ట్‌లు ఉన్నాయి. ఒకే నిజానికి మూడు కాపీలు. ఎఫెక్ట్ నడిచేది కమిట్ తర్వాత, కాబట్టి ప్రతి మార్పులోనూ పాత సంఖ్యతో ఒక రెండర్ జరుగుతుంది, అది స్క్రీన్ మీద కనిపించొచ్చు కూడా, ఏదో ఒక ఎఫెక్ట్ డిపెండెన్సీ (ఏది మారితే ఎఫెక్ట్ నడవాలో ఆ విలువ) మర్చిపోతే ఆ తేడా అలాగే ఉండిపోతుంది. రెండు స్టేట్‌లూ, రెండు ఎఫెక్ట్‌లూ తీసేసి, రెండర్ లోపలే జాబితా నుంచి వడపోసి, లెక్కపెట్టు. 4000 వస్తువులని ఒకసారి ఫిల్టర్ చేయడం చాలా చవక, ఖరీదైనది డామ్. అయితే రాసే ముందు ఫ్యాక్టరీవాళ్లని ఒక మాట అడుగు: ఆ సంఖ్య యార్డులో ఉన్న మొత్తం బండ్లదా, వెతికిన పేరుకి దొరికినవాటిదా? మొత్తానిదైతే వడపోసిన జాబితా నుంచి అది ఎప్పటికీ రాదు, సర్వర్ అదే జవాబులో జాబితాతో కలిపి పంపాలి. వేరే రిక్వెస్ట్‌లో తెస్తే రెండూ రెండు క్షణాలవి, కలవకపోవడమే సహజం.

బండ్ల డేటా నీది కాదు, సర్వర్‌ది. నీ దగ్గరున్నది ఒక క్షణం నాటి నకలు. సెర్చ్ మాట, ఏ ట్యాబ్ తెరిచి ఉంది లాంటివి నీవి. ఈ రెండు రకాలనీ ఒకేలా చూడటం వల్లే ఇంత కోడ్ పుడుతుంది. సర్వర్ నకళ్ల కోసం టాన్‌స్టాక్ క్వెరీ అనే లైబ్రరీ పెట్టు, సెర్చ్ మాటని క్వెరీ కీలో (జవాబుని దాచే అర పేరులో) చేర్చు. ‘ముని’ జవాబు ‘ముని’ అరలోకి, ‘మునిరత్నం’ జవాబు దాని అరలోకి వెళ్తాయి, ఒకదాని మీద ఒకటి పడే ప్రశ్నే ఉండదు. దాని వెర్షన్ 5లో (దీనికి రియాక్ట్ 18 కావాలి) ప్లేస్‌హోల్డర్‌డేటాకి కీప్‌ప్రీవియస్‌డేటా ఇస్తే కొత్తది వచ్చేదాకా పాత జాబితా ఉంటుంది, ఈజ్‌ప్లేస్‌హోల్డర్‌డేటా ట్రూ ఉన్నంతసేపూ జాబితాని మసకబార్చి, బటన్లు నొక్కనివ్వకు. ఇది వదిలేశావంటే మళ్లీ మునిస్వామి బండే లోపలికి వెళ్తుంది. డిఫాల్ట్‌గా ఇది డేటాని వెంటనే పాతబడినట్టు లెక్కేస్తుంది, విండోకి తిరిగి రాగానే మళ్లీ తెస్తుంది, ఫెయిలైతే 3 సార్లు మళ్లీ ప్రయత్నిస్తుంది. గేటు స్క్రీన్‌కి ఇవి మంచివే. పది సెకన్లకోసారి తెచ్చుకోవడానికి నువ్వు రాసిన సెట్‌ఇంటర్వల్ కూడా తీసేసి రీఫెచ్‌ఇంటర్వల్ వాడు. నీ సెట్‌ఇంటర్వల్ మొదటి రెండర్‌లో ఉన్న సెర్చ్ మాటనే పట్టుకుని కూర్చుంది, అందుకే పేరు కొట్టాక కొద్దిసేపటికి మొత్తం జాబితా తిరిగి వస్తోందని రాశావు.

చివరగా, యూజ్‌ఆప్టిమిస్టిక్ గురించి అడిగావు. రియాక్ట్ 19లో ఉంది, సర్వర్ ఒప్పుకోకముందే స్క్రీన్ మార్చి, తేడా వస్తే వెనక్కి తెస్తుంది. ‘గేటు లోపలికి పంపాను’ అనే గుర్తుకి వాడుకో, తిరగబడినా ఆపరేటర్ మళ్లీ నొక్కుతాడు. కాటా బరువుకి మాత్రం వాడొద్దు. రైతుకి డబ్బు వచ్చేది ఆ అంకె మీద. సర్వర్‌లో పడిందని జవాబు వచ్చేదాకా ‘సేవ్ అవుతోంది’ అనే చూపించు, చీటీ ప్రింట్ బటన్ అంతదాకా తెరుచుకోకూడదు. ప్రతి కాటాకీ బ్రౌజర్‌లోనే ఒక ప్రత్యేక ఐడీ పుట్టించి రిక్వెస్ట్‌తో పంపు, నెట్ ఊగిసలాడి అదే రిక్వెస్ట్ రెండుసార్లు వెళ్లినా ఆ ఐడీని గుర్తుపట్టి ఒక్క బరువే రాసుకునేలా సర్వర్‌లో రాయి.